రెండో టేపు

ఆ షాపులో అందరూ ఆమెను కొలతలమ్మ అనేవారు. పదకొండేళ్ళుగా ముందు గదిలో నిలువుటద్దం పక్కన నిలబడి, వచ్చినవాళ్ళ కొలతలు తీసి చీటీ మీద రాసేది. చీటీ, దాంతోపాటే టేపు, వెనకగదిలో గుడ్డ కత్తిరించే మాస్టరు చేతికి వెళ్ళేవి. ఆయన అదే టేపుతో గుడ్డ మీద గీతలు గీసి తిరిగి పంపేవాడు. ఏ టేపుతో కొలిస్తే ఆ టేపుతోనే కత్తిరించాలన్నది షాపు పెట్టినప్పటి పద్ధతి. ఎందుకని ఎవరూ అడగలేదు.

రెండేళ్ళ కిందట ఆమె చేతుల మీద తెల్లమచ్చలు లేచాయి. మొదట వేళ్ళ కణుపుల దగ్గర, తర్వాత మణికట్ల దాకా. బొల్లి అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆమె అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది. అందరూ తలూపేవారు. తలూపుతూనే అరడుగు వెనక్కి జరిగేవారు. బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉన్నా కొందరు నిలబడే ఉండేవారు. వచ్చే స్టాపులో దిగుతారేమో అనుకునేది. దిగేవారు కాదు.

ఒక సోమవారం ఓనరు కొత్త టేపు తెచ్చాడు. చేతికివ్వలేదు. బల్ల మీద పెట్టాడు.

"ఇది మీదమ్మా. పాతది మాస్టరు దగ్గరే ఉంటుంది. మాటిమాటికీ అటూ ఇటూ తిప్పడం దేనికి?"

"ఇన్నేళ్ళూ తిప్పాంగా."

"ఇప్పుడొద్దులెండి."

ఆయన ఆమె మొహం చూడకుండానే వెళ్ళిపోయాడు. ఎవరో ఏదో అన్నారు. అంతవరకు ఆమెకు అర్థమైంది. ఎవరన్నారన్నదే తేలలేదు.

భుజం కొలుస్తుంటే "పైపైన చాలమ్మా" అన్న బట్టతలాయన కావచ్చు. అద్దంలో తన మొహం మానేసి ఆమె వేళ్ళనే చూసిన పెళ్ళికూతురు కావచ్చు. వారం రోజులు ఇలా ఒక్కొక్కరినీ మనసులో నిలబెట్టి వదిలేసింది. చివరికి మాస్టరు మిగిలాడు. ఆ టేపు ముట్టుకునేది ఇద్దరే. అందులో ఒకరు తను.

పదకొండేళ్ళు ఆయన ఆమెను చెల్లెమ్మా అన్నాడు, ఆమె ఆయన్ని అన్నయ్యా అంది. ఆ వారం నుంచి మాస్టారూ అనడం మొదలుపెట్టింది. ఆయన విన్నాడు. ఎందుకని అడగలేదు. అడగకపోవడం కూడా ఆమెకు ఒక రుజువే అయింది.

ఇంట్లో అత్తగారు కాళ్ళకు నూనె రాసుకుంటూ అంతా విన్నది.

"గుమ్మడికాయల దొంగ ఎవరా అని నువ్వు వెతుకుతూ కూర్చుంటే అందరి భుజాల మీదా బూడిదే కనిపిస్తుంది."

"ఉన్నవాళ్ళ భుజాల మీదే కనిపిస్తోంది అత్తయ్యా. ఇంతకీ మీరు నా పక్షమా, వాళ్ళ పక్షమా?"

"నేను నా మోకాళ్ళ పక్షమే. అవి నా మాట వింటే చాలు."

కొత్త టేపు వచ్చిన పదిహేను రోజులకు మొదటి చొక్కా తిరిగొచ్చింది. వదులు. తర్వాత ఒక కోటు. తర్వాత ఒకే ఇంటివి మూడు జతలు. అన్నీ వదులే. ఓనరు వాటిని ఆమె ముందు పేర్చాడు.

"మీరు మనిషిని ముట్టుకోడానికి జంకుతున్నారమ్మా. టేపు ఒంటికి ఆనడం లేదు."

ఆమె కాదనలేకపోయింది. నిజంగానే ఈ మధ్య వేళ్ళు తగలకుండా టేపు పట్టుకుంటోంది. తన చేతుల మీదే తనకు అనుమానం పుట్టింది. మర్నాటి నుంచి గట్టిగా బిగించి కొలిచింది. "కాస్త ఊపిరి తీసుకోనివ్వు తల్లీ" అన్నాడొకాయన. అయినా బట్టలు వదులుగానే వచ్చాయి.

"వచ్చే వారం నుంచి మీరు వెనకగదిలో కాజాలు చూసుకోండి. ఇక్కడికి ఇంకెవర్నన్నా పెట్టుకుంటాను" అన్నాడు ఓనరు.

కాజాలు కుట్టడం తక్కువ పనేం కాదు. కానీ వెనకగదికి కిటికీ లేదు. అక్కడున్నవాళ్ళు బయటివాళ్ళెవరికీ కనపడరు. అందుకే పంపుతున్నారని ఆమెకు తెలుసు.

ఆ మధ్యాహ్నం తిరిగొచ్చిన చొక్కా ఒకటి తీసి తన టేపుతో కొలిచింది. మాస్టరు కుట్లలోకి వదిలే గుడ్డ పోను ఎంత ఉండాలో ఆమెకు కంఠతా వచ్చు. ఛాతీ దగ్గర నలభై నాలుగుండాలి. నలభై నాలుగున్నర దాటింది.

కావాలనే, అనుకుంది. తనను సాగనంపడానికి కావాలనే వదులుగా కత్తిరిస్తున్నాడు.

మాస్టరు భోజనానికి వెళ్ళేదాకా ఆగి వెనకగదిలోకి వెళ్ళింది. ఆయన చీటీలు చూసింది. గుడ్డ మీద సుద్ద గీతల్ని బల్ల మీదున్న పాత టేపుతో కొలిచింది. చీటీలో ఎంతుందో గీత అంతే ఉంది. మరి తప్పెక్కడ? పాత టేపు ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని తన టేపు పక్కన పరిచింది. చివరికొచ్చేసరికి పాతది అంగుళం ముందుకు పోయింది.

ఏళ్ళ తరబడి లాగి లాగి అది సాగిపోయింది. ఇద్దరూ దానితోనే కొలిచినన్నాళ్ళూ సాగిన టేపుతో తీసిన కొలతకు సాగిన టేపుతోనే కోత పడేది, బట్ట సరిపోయేది. పద్ధతి ఎందుకుందో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

ఓనరును పిలిచి రెండు టేపులూ చూపించింది. ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కాజాల మాట వదిలేయండమ్మా" అన్నాడు.

"నాకు వేరే టేపు ఇమ్మని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు."

"ఎవరూ?"

"ఒట్టు. అంటారేమోనని నేనే ముందు జాగ్రత్తగా."

రెండు నెలలు ఆమె ఊరందరినీ అనుమానించింది. అనని మాటకు దొంగలు ఎక్కడ దొరుకుతారు? మాస్టరు అప్పటికే చేతులు కడుక్కొచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూస్తే ఆమెకు సిగ్గేసింది. క్షమించమందామని నోరు తెరిచింది. అప్పుడే ఇంకో సందేహం వచ్చింది. ముప్పై ఏళ్ళుగా గుడ్డ కోస్తున్న మనిషి.

"అన్నయ్యా, టేపు సాగిందని నీకెప్పుడు తెలిసింది?"

ఆయన సుద్దముక్క తీసుకున్నాడు. మళ్ళీ కింద పెట్టాడు.

"మొదటి చొక్కా తిరిగొచ్చినప్పుడే."

"మరి చెప్పలేదే?"

"చెబితే మళ్ళీ ఇద్దరికీ ఒకే టేపు అంటారని." సుద్దముక్క పక్కకు జరిపి, "ఇంట్లో పసిబిడ్డ ఉందమ్మా. ఏం ముట్టుకుని వస్తున్నారని కోడలు అడుగుతోంది" అన్నాడు.

చెల్లెమ్మా అనలేదు. ఓనరు గొంతు సవరించుకున్నాడు.

"ఒకే రకానివి రెండు కొత్తవి కొంటాను. ఎవరిది వాళ్ళకి. గొడవ వదిలిపోతుంది."

"వద్దు. ఒక్కటి కొనండి" అంది ఆమె. "షాపు పద్ధతి షాపు పద్ధతే. కొలిచాక నేనే తెచ్చి అన్నయ్య చేతికిస్తాను."

మాస్టరు ఓనరు వైపు చూశాడు. రెండు నెలలుగా తిరిగొచ్చిన బట్టలు ఓనరు కళ్ళ ముందే కుప్పగా ఉన్నాయి. ఆయన సరేనన్నాడు.

ఆమె ముందు గదిలోనే ఉంది. రోజుకు ముప్పైసార్లు వెనకగదికి నడుస్తుంది. టేపు బల్ల మీద పెట్టదు, చెయ్యి చాపి నిలబడుతుంది. మాస్టరు తీసుకుంటాడు. కొన్నిసార్లు కొస పట్టుకుని, కొన్నిసార్లు మామూలుగానే. ఏ రోజు ఎలా తీసుకున్నాడో ఆమె చూస్తూనే ఉంది.