బోరునీళ్ల నలుపు

చెన్నకేశవులుకు తెలుపంటే ప్రాణం. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం వెళ్లే దారిలో, నల్లమల కొండలు దగ్గరపడే చోట ఆయన ఊరు. పెళ్లిళ్లకూ పంచాయితీలకూ ఎన్నికల తిరుగుళ్లకూ ఆ చుట్టుపక్కల పెద్దమనుషులు తొడిగే ఖద్దరు చొక్కాల్లో సగం ఆయన చేతి మీదుగా వెళ్లినవే. పల్చని గంజి, చిటికెడు నీలిమందు, ఎండ ముదరకముందే పిండి ఆరేయడం. తన విద్య ఇంతే అని అందరికీ చెప్పేవాడు గానీ, ఆ చిటికెడు ఎంతో భార్య రామమ్మకు కూడా అంతుపట్టలేదు. ఆరిన చొక్కాను రెండు చేతులతో ఎత్తిపట్టి కొండవైపు తిప్పి చూసుకుంటుంటే, ఇస్త్రీబండి దగ్గర నుంచి ఆమె నవ్వేది. పెళ్లిచూపుల్లో తనను అంతసేపు చూడలేదని ఆమె ఫిర్యాదు.

నలుపంటే మాత్రం ఆయనకు సరిపడేది కాదు. కార్తీకం వచ్చిందంటే అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు నల్ల పంచెలూ నల్ల తువ్వాళ్లూ మూటగట్టి తెచ్చేవాళ్లు. అంగట్లో కొన్న ఆ నలుపు తొలి ఉతుకుకే దిగిపోయి బానంతా మసినీళ్లయ్యేది. పక్కనున్న బట్టలకూ అంటుకునేది. స్వాములను ఏమీ అనకూడదు కాబట్టి పళ్లు బిగబట్టి ఉతికేవాడు.

ఆయన బట్టలుతికే కాలువకు మరమ్మతులని నీళ్లు ఆపేసిన ఏడాది, ఊరి చివర కొండవైపు లోతుగా కొత్త బోరు వేశారు. నీళ్లు అద్దంలా పడ్డాయి. ఉప్పదనం లేదు, సబ్బు నురగ బాగా తేలింది. చెన్నకేశవులు సంతోషంతో ఆరోజే ఒక పెద్దింటి ఖద్దరు మూట మొత్తం అక్కడ ఉతికేశాడు. ఆరేసిన కాసేపటికి చొక్కాల మీద ఏదో లేత పసుపు ఛాయ కనిపించింది. ఎండ వెలుగేమో అనుకున్నాడు. దండెం చుట్టూ తిరిగి చూసినా ఛాయ అలాగే ఉంది. మళ్లీ ఉతికాడు, సబ్బు ఎక్కువ పెట్టాడు, చివరికి బ్లీచింగు కూడా వేశాడు. వేసేకొద్దీ పసుపు కాస్తా ఎరుపుకు తిరిగింది.

రామమ్మ ఒక చొక్కా మడత విప్పి చూసింది. "ఏందయ్యా ఇది, పసుపునీళ్లల్లో ఏమన్నా ముంచినావా?"

పెద్దింటివాళ్లు మూట తిప్పి పంపారు. ఆ మాట ఊరూరా పాకింది. మూటలు తగ్గాయి. చెన్నకేశవులు ఎవరితోనూ పోట్లాడలేదు. వయసు మీదపడి చెయ్యి పట్టు తప్పిందేమోనని లోపల్లోపలే కుమిలిపోయాడు. పొద్దున్నే బోరు దగ్గరికి వెళ్లి, ఆ తేటనీళ్లు దోసిట్లో పట్టి చూసి, వదిలేసి వచ్చేవాడు.

అలా వెళ్లిన ఒక ఉదయం బోరు దగ్గర స్కూటీ ఆగి ఉంది. నంద్యాల అమ్మాయి, పేరు సాయి ప్రియ. కొండ కింద బావులూ బోర్లూ వాగులూ ఏ లోహాలను కరిగించి మోసుకొస్తున్నాయో పరిశోధన చేస్తోంది. అందుకే ఊరూరా తిరిగి నీళ్లు పట్టుకుపోతోంది. ఆమె ఒక సీసా నింపి అందులో చిన్న గొట్టంతో రెండు చుక్కలేసి మూత బిగించింది. ఇంకో సీసా సగమే నింపి గట్టు మీద పెట్టింది.

"రెండూ ఒగటే నీళ్లు గదమ్మా," అన్నాడు చెన్నకేశవులు. "ఒగదాంట్లోనే మందేస్తాండావేందీ?"

"అది యాసిడ్ పెదనాయనా, ఉత్త పులుపు అనుకో. ఈ నీళ్లల్లో ఇనుము కరిగి ఉండాది. గాలి తగిల్తే తుప్పయి అడుక్కు దిగిపోతాది. పులుపుంటే కరిగినట్లే ఉంటాది."

ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. అద్దంలాంటి నీళ్లలో ఇనుమేమిటి? సాయి ప్రియ గట్టు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. ఈ కొండల కింద పలకరాతి పొరలున్నాయి, ఆ పొరల్లో ఇనుముంది. ఎప్పుడో ఇంకిన వాననీళ్లు అక్కడికి చేరేసరికి వాటిలో గాలి మిగలదు. గాలి లేని నీళ్లు రాతిలోని ఇనుమును కొంచెం కొంచెంగా కరిగించుకుంటాయి. కరిగున్నంతసేపూ కంటికి కనపడదు. పైకొచ్చి గాలి సోకితే మళ్లీ తుప్పవుతుంది, సబ్బు నీళ్లలో ఇంకా తొందరగా అవుతుంది. ఆయన చొక్కాలకు పట్టింది ఆ తుప్పే. బ్లీచింగు వేయడంతో అది ఇంకా గట్టిగా పట్టుకుంది.

అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు. "అంటే నా చెయ్యి చెడిపోల్యాదంటావా?"

లేదంది ఆ అమ్మాయి. ఆయన ఇంటివైపు నడిచి, రామమ్మ చేత టీ పెట్టించి పట్టుకొచ్చాడు. కబుర్లతో టీ తాగడం అయ్యేసరికి గట్టు మీది సీసా లేత ఎరుపుకు తిరిగింది. యాసిడ్ వేసింది తేటగానే ఉంది. రెండూ చేతుల్లోకి తీసుకుని ఆయన పిల్లాడిలా నవ్వాడు.

పరీక్షల ఫలితాలతో సాయి ప్రియ మళ్లీ బోరు దగ్గరికి వచ్చింది. సీసం, ఆర్సెనిక్ లాంటి చెడ్డ లోహాలేవీ లేవు, ఇనుమొక్కటే ఎక్కువ. అదీ తేలిగ్గా తీసేయొచ్చు. బోరు గొట్టానికి చిల్లులు పెట్టి నీళ్లను చినుకుల్లా గులకరాళ్ల మీద పడనిస్తే గాలి తగిలి తుప్పు విడిపోతుంది. కింద ఇసుక పోస్తే ఆ తుప్పు ఇసుకలో ఆగిపోతుంది. పాడైన చొక్కాలకు నిమ్మకాయా ఉప్పూ రుద్ది ఎండలో పెట్టమని కూడా చెప్పింది.

ఆమె చెబుతుండగా ఆయనకు దగ్గు తెర వచ్చింది. నీళ్లలో నానే పని కదా, ఆయనకు ఎప్పుడూ కొంచెం దగ్గు ఉండేది. బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకునేవాడు. నోరు తుడుచుకున్న తెల్ల తువ్వాలును అలవాటుగా బోరునీళ్లలో జాడించి పిండాడు. విప్పి చూస్తే తువ్వాలు మీద అక్కడక్కడా నల్లటి మరకలు, సిరా ఒలికినట్టు.

పక్కనే ఉన్న రామమ్మ కంగారుపడింది. సాయి ప్రియ మాత్రం తువ్వాలు లాక్కుని ఎగిరి గంతేసినంత పని చేసింది. కరక్కాయ వగరూ నీళ్లలోని ఇనుమూ కలిస్తే నలుపొస్తుందని, పూర్వం రాసుకునే సిరా అలాగే చేసేవాళ్లని పుస్తకంలో చదివిందట. కళ్లారా చూడటం ఇదే మొదలట. ఫోన్లో ఫొటో మీద ఫొటో తీసుకుంది.

"ఉతికితే పోతాదా?" అని అడిగాడు చెన్నకేశవులు.

"నాకూ తెలీదు. నువ్వే ఉతికి చూడు పెదనాయనా."

ఏ మరకనైనా వదిలించే మనిషి ఆరోజు ఆ తువ్వాలును బండకేసి చేతులు పడిపోయేలా బాదాడు. మరక కదల్లేదు, నీళ్లలోకి మసి దిగలేదు. ఒక మరక ముందు ఓడిపోయి ఆయన అంత హుషారుగా ఇంటికి రావడం రామమ్మ ఎన్నడూ చూడలేదు. దారి పొడుగునా స్వాముల పంచెల గురించే మాట్లాడుతూ వచ్చాడు.

కరక్కాయలకు వీరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె చెంచు మనిషి. అడవిలో ఏరిన కరక్కాయలూ తేనే అహోబిలం యాత్రికులకు అమ్ముతుంది. ఆయనకు ఎప్పుడూ గుప్పెడు కాయలు ఇచ్చే వీరమ్మ, ఈసారి గోతం నిండా కావాలనేసరికి ఆశ్చర్యపోయింది.

"ఊరందరికీ దగ్గు పట్టుకున్యాదా అన్నా?"

సంగతి విని, తనూ చూడాలని గోతంతోపాటు జీపెక్కి వచ్చింది. ముగ్గురూ కలిసి కాయలు దంచి, కాగులో మరిగించి, పాత పంచె ఒకటి అందులో నానబెట్టి ఎండేశారు. ఎండాక బోరునీళ్లలో ముంచారు. బూడిదరంగు వచ్చింది. మళ్లీ ముంచితే మబ్బురంగు వచ్చింది. ఎన్నిసార్లు ముంచినా అక్కడే ఆగింది, నలుపు మాత్రం రాలేదు. చిన్న మరకకు చాలిన ఆ నీళ్లలోని ఇనుము పంచె అంతటికీ సరిపోవడం లేదని వీరమ్మే ముందు అంది.

చెన్నకేశవులుకు సీసాలో పడ్డ పులుపు చుక్కలు గుర్తొచ్చాయి. ఇంట్లో పులిసిన గంజి ఉండనే ఉంది. సాయి ప్రియ చెప్పినట్టే బోరు దగ్గర కట్టిన ఇసుక తొట్టిలో పేరుకున్న ఎర్ర బురదను ఎత్తి ఆ గంజిలో కలిపి, మూతపెట్టి కొన్నాళ్లు కదపకుండా వదిలేశాడు. ఇల్లంతా పులుపు వాసన. రామమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తిట్టిపోసింది. తర్వాత వడగట్టి, కరక్కాయ పట్టించిన పంచెను అందులో ముంచి పైకి తీశాడు. తీసినప్పుడు ఊదారంగులో ఉంది. గాలి తగిలేకొద్దీ, వాళ్లు చూస్తుండగానే, అంచుల నుంచి నడుమకు నల్లబడుతూ పోయింది. తిట్లు మాని రామమ్మ దగ్గరికొచ్చి నిలబడింది. వీరమ్మ పంచె రెండో కొస అందుకుంది. దండెం మీద వేశాక చూస్తే కాకి రెక్కలా నిగనిగలాడుతోంది.

ఆ కార్తీకంలో బస్సు డ్రైవరు చిరంజీవి గురుస్వామి మొదటి పంచె కట్టాడు. పూటపూటా చన్నీళ్ల స్నానం, పూటపూటా ఉతుకు. మండలం గడిచినా నలుపు తగ్గలేదు. ఆయన తన పీఠంలోని స్వాములందరినీ వెంటబెట్టుకొచ్చాడు. నంద్యాల నుంచీ గడివేముల నుంచీ కూడా పంచెలు రావడం మొదలైంది. వీరమ్మ చుట్టాల ఇళ్లన్నీ కరక్కాయల పనిలో పడ్డాయి. వాళ్లు ఏరిన కాయల బస్తా లేకుండా అటునుంచి జీపు వచ్చేది కాదు. ఇసుక తొట్టి దాటిన నీళ్లతో తెల్ల చొక్కాలూ మునుపటి తెలుపుకొచ్చాయి. తిప్పి పంపిన పెద్దింటివాళ్లు మళ్లీ మూట పంపారు, సంక్రాంతి ముందు తొందరగా కావాలని చెప్పి మరీ. ఒక దండెం మీద తెలుపు, పక్క దండెం మీద నలుపు. అహోబిలం పోయే బస్సుల్లో జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూసేవాళ్లు.

మాఘంలో సాయి ప్రియ నిశ్చితార్థానికి నంద్యాల రమ్మని పిలుపొచ్చింది. శుభకార్యానికి నల్లచీర పనికిరాదు. అందుకని చెన్నకేశవులు ఒక తెల్ల నూలుచీరకు కరక్కాయ పట్టించి, ఉత్త బోరునీళ్లలోనే ముంచాడు. వాన ముందరి మబ్బులాంటి రంగు వచ్చింది. రామమ్మ అది కట్టుకుని, తలనిండా కనకాంబరాలు పెట్టుకుని బస్సెక్కింది.

నిశ్చితార్థంలో ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరారు. ఏ ఊరి నేత, ఏ అంగడి, ఈ రంగుకు పేరేమిటి అని ఒకటే ప్రశ్నలు. మగపెళ్లివారి తరఫు పెద్దావిడ ఒకామె కొంగు పట్టుకుని వదల్లేదు.

"మా ఊరి బోర్లో ముంచినాం," అంది రామమ్మ.

ఆవిడ వేళాకోళం అనుకుంది. దూరంగా భోజనాల బంతిలో కూర్చున్న చెన్నకేశవులు ఆ మాట విని, విస్తరి ముందు నుంచి లేచి వచ్చాడు. పలకరాతి పొరల నుంచి మొదలుపెట్టి, గాలి లేని నీళ్లూ కరక్కాయ వగరూ వరకు అంతా చెప్పుకొచ్చాడు. పెళ్లికూతురు పట్టుచీరలో వచ్చి పక్కన నిలబడి, ఆయన మరిచిపోయిన చోటల్లా అందించింది. వింటున్నవాళ్లు పెరిగారు. ఆయన గొంతు కూడా పెరిగింది. వడ్డించిన పప్పన్నం చల్లారిపోతోంది.

రామమ్మ ఆయన భుజం తట్టింది. "ముందు తిని రాపో, చీర యాడికీ పోదు."