ఎర్రగీత దగ్గర తాతయ్య

మా తాతయ్య బ్రష్షు పట్టకపోయి ఉంటే మా పేటలో సముద్రానికి ఒడ్డే ఉండేది కాదు. ఎక్కడ ఆగాలో తెలియక నీళ్ళు నేరుగా మార్కెట్టు దాకా వచ్చేసేవి. లైట్‌హౌస్ ఏ ఓడకూ కనపడేది కాదు. గడియారస్తంభం సిగ్గుతో తలవంచుకుని టైము తప్పు చెప్పేది. ఈ మాటలు ఆయన అనలేదు, నేనే అంటున్నాను. ఎనిమిదో తరగతి దగ్గర చదువుకు దణ్ణం పెట్టినదాన్ని, కొలిచి పొగడటం నాకు చేతకాదు.

అసలు సంగతి ఏమిటంటే, తాతయ్య మున్సిపాలిటీలో పెయింటరు. లైట్‌హౌస్ దగ్గర మొదలుపెట్టి పాత జెట్టీ దాకా పట్టుమని కిలోమీటరు ఉండదు. ఆ కాస్త దూరంలో ఉన్న రెయిలింగులూ బెంచీలూ దీపస్తంభాలూ బ్యాండుస్టాండూ నలభై ఏళ్ళు ఆయన చేతికిందే రంగులు మార్చుకున్నాయి. ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు. ఇటు జెట్టీ దగ్గర ఆయన బ్రష్షు కడిగేసరికి అటు లైట్‌హౌస్ మెట్లు పెచ్చులు రాల్చేవి. మళ్ళీ మొదలు.

ఆయన్ని అర్థం చేసుకోవాలంటే నిచ్చెన గురించి కూడా చెప్పాలి. పన్నెండడుగుల నిచ్చెన భుజాన వేసుకున్న మనిషి వెనక్కి తిరగకూడదు. తిరిగితే ముందు కొస ఒకరినీ వెనక కొస ఒకరినీ ఊడ్చేస్తాయి. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఎవరో వెనకనుంచి పిలిస్తే తాతయ్య అటు తిరిగాడు. నిచ్చెన వెళ్ళి సెలూన్ అద్దాన్ని పలకరించింది. ఆ రోజునుంచి ఎవరు పిలిచినా ఆయన తిరగడు. పనున్నవాళ్ళే పరుగెత్తి ముందుకొచ్చి నిలబడాలి. రిటైరై పన్నెండేళ్ళయింది, నిచ్చెన ఎక్కడో గోడౌనులో పడుంది, తాతయ్య మాత్రం ఇప్పటికీ కుడిభుజం వంచి, మెడ బిగించి, ముందుకే చూస్తూ దూసుకుపోతాడు. అమ్మమ్మ కాపురమంతా ఆయన వీపుతోనే కబుర్లు చెప్పుకొచ్చింది.

ఇలా సాగిపోతున్న సంసారంలోకి డ్రిల్లు మాస్టారు వచ్చి పడ్డారు. బడినుంచి రిటైరై పక్క వీధిలో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఊరికే కూర్చోలేక, ఆదివారం పొద్దున్నే పదిమందిని వెంటేసుకుని లైట్‌హౌస్‌నుంచి జెట్టీ దాకా నడిపిస్తూ, దారిలో ఉన్నవాటి కథలన్నీ చెప్పడం మొదలుపెట్టారు. మెడలో ఈల, కాళ్ళకు తెల్లటి కాన్వాసు బూట్లు. సున్నం కొట్టినట్టుండే ఆ బూట్లను చూస్తేనే తాతయ్యకు ఒళ్ళు మండేది. నలభై ఏళ్ళ ఉద్యోగంలో మరకలేని జోడు ఒక్కటి కూడా తొడిగి ఎరగడు పాపం.

అమ్మమ్మ నాలుగు వారాలు వరసగా వెళ్ళింది. నాలుగో వారం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "బ్యాండుస్టాండుకి ఎనిమిది స్తంభాలటండీ. ఒక్కోదాని మీదా ఒక్కో రకం పువ్వట," అంది.

"ఎనిమిది కాక ఎన్నుంటాయి? ఒక్కో పువ్వులోకీ సన్నబ్రష్షు దూర్చి పూసినవాణ్ణి నేను. ఎప్పుడైనా నీకు చెప్పానా?"

"అదే. ఎప్పుడైనా చెప్పారా?"

తాతయ్య పేపరు తిరగేశాడు. అది నిన్నటి పేపరు.

"వచ్చే ఆదివారం వెళ్ళకు," అన్నాడు. "మోకాలు నొప్పంటావుగా."

"నడుస్తుంటే తగ్గిందండీ."

"నాతో నడిస్తే పెరుగుతుంది, ఆయనతో నడిస్తే తగ్గుతుందా?"

అమ్మమ్మ ఆలోచించి, "అవునండీ, అలాగే ఉంది," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా తాతయ్య కళ్ళల్లో నిప్పులు పోసుకుని తిరిగాడు. ఎవరు ఈల వేసినా ఉలిక్కిపడ్డాడు, చివరికి వీధి మొగలో ప్రెషర్ కుక్కరు కూసినా సరే. కావాల్సిందల్లా ఒక్కటే, ఆదివారం పొద్దున ఆవిడ ఆ గుంపులో ఉండకూడదు. అడిగితే మానలేదు. ఇంకెలా మానిపించాలో ఆయనకు తోచలేదు.

మంటలో ఇంత కిరసనాయిలు పోసింది నేనే. కిందటి ఆదివారం అమ్మమ్మతో నేనూ వెళ్ళాను. ఊరుకోవచ్చుగా, ఊరుకోలేకపోయాను. "తాతయ్యా, జెట్టీ గోడ మీద ఎర్రగీత ఉందే, పెద్ద తుపానులో సముద్రం అక్కడిదాకా వచ్చిందట. ఎవరో పెద్దలు గుర్తు పెట్టారట. మాస్టారు చెప్తుంటే అందరికీ కళ్ళనీళ్ళు తిరిగాయి," అన్నాను.

తాతయ్య కుర్చీలోంచి లేచాడు. "ఏ గీత? మూరెడు గీతేనా? ఛాతీ ఎత్తులో?"

"ఆ, అదే."

"దాని కుడి కొస కాస్త పైకి లేచి ఉంటుందా?"

ఉంటుంది. కొత్త డబ్బా తెరవగానే పెయింటరు ఎక్కడో ఓ మూల ఒక్క గీత గీసి, ఆరాక రంగు ఎలా తేలిందో చూసుకుంటాడు. పంతొమ్మిదేళ్ళ కింద జెట్టీ మీద లైఫ్‌బెల్టులకు ఎరుపు వేసేముందు మా తాతయ్య ఆ గోడ మీద గీసుకున్న గీత అది. తర్వాత దాని మీద గోడరంగు పూసెయ్యాల్సింది, మరిచిపోయాడు. పెద్దలూ లేరు, తుపానూ లేదు.

తాతయ్య మొహం ఒక్కసారిగా వెలిగింది. ఆదివారం అందరిముందూ ఆ ఈలగాడి పరువు తీస్తే అమ్మమ్మ మళ్ళీ ఆ ఛాయలకు వెళ్ళదని ఆయన లెక్క.

ఆదివారం ఆరున్నరకల్లా లైట్‌హౌస్ దగ్గరున్నాడు. మాస్టారు నవ్వుతూ ఎదురొచ్చారు.

"రండి అన్నగారూ. మీరు వడిగా నడుస్తారుట కదా, ఆఖర్న నిలబడండి. ఇక్కడ నెమ్మదిగా నడిచేవాళ్ళది ముందు వరస. వాళ్ళ అడుగే అందరి అడుగు."

ముందు వరసలో అందరికన్నా ముందు అమ్మమ్మ ఉంది. బట్టలకొట్టు యజమానీ, బ్యాంకులో పనిచేసే ఆవిడా, కాలేజీ పిల్లలూ అందరూ ఆవిడ వెనకే, ఆవిడ ఎంత నడిస్తే అంతే. మాస్టారు ఆవిడకు ఎదురుగా తిరిగి, వెనక్కి వెనక్కి నడుస్తూ కథలు చెబుతున్నారు. బడిలో పిల్లల్ని నడిపించి నడిపించి ఆయనకు అదే అలవాటు. పదడుగులకోసారి, "ఫరవాలేదా అమ్మా? ఆగుదామా?" అని అడుగుతున్నారు.

తాతయ్యకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. అయినా చూడక తప్పలేదు. అమ్మమ్మ ఎడమకాలు కాస్త బయటికి వేస్తుంది. స్నానాల మెట్ల దగ్గర ఏటవాలు రాగానే చెయ్యి నడుం మీదకు పోతుంది. ఏదైనా నచ్చితే తల పక్కకు వాలుస్తుంది. ఇవేవీ ఆయనకు తెలియవు. ఎప్పుడు చూశాడు గనక? గడియారస్తంభం దాటేసరికి, ఇవన్నీ నాలుగు వారాలుగా మాస్టారు చూస్తున్నారు కదా అని తట్టింది. దాంతో మిగిలిన నిగ్రహం కూడా పోయింది.

జెట్టీ గోడ దగ్గర మాస్టారు గొంతు తగ్గించి, "ఇదిగో, ఈ గీత," అనగానే, తాతయ్య గుంపును చీల్చుకుని ముందుకొచ్చాడు.

"ఆ గీత నాది. రంగు చూసుకోడానికి గీశాను. తుపానూ లేదు, తాటాకూ లేదు."

బట్టలకొట్టు యజమాని ఆ గీత పక్కన ఫొటో దిగబోతున్నవాడల్లా ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

మాస్టారు గీతను దగ్గరగా చూశారు. "నాకిది ఇంటి ఓనరు చెప్పాడండీ. నమ్మేశాను. తప్పు నాదే. వచ్చేవారం ఇక్కడ మీరే చెప్పండి అన్నగారూ, అసలు మనిషి ఉండగా నేనెందుకు?"

పోట్లాడి ఓడితే బాగుండేది. ఇంత మర్యాదగా ఓడిపోయే మనిషిని ఏం చెయ్యాలో తాతయ్యకు తోచలేదు. అమ్మమ్మ వైపు తిరిగాడు. "విన్నావా? అన్నీ కట్టుకథలే."

"గీత మీదని నాకు తెలుసు," అంది అమ్మమ్మ. "ఆ రోజు చొక్కాకంటిన ఎరుపు కిరసనాయిలు పెట్టి వదలగొట్టింది ఎవరు? కొస పైకి లేపే అలవాటు ఇంకెవరికుంది?"

"తెలిసీ నోరు మూసుకుని వింటున్నావా?"

"నేను కథలకోసం వచ్చానా? ఇక్కడ నేను ముందు నడుస్తానండీ. నాకోసం నలుగురు ఆగుతారు. మీతో బయల్దేరితే మలుపు దగ్గరే మీరు కనపడరు. మిమ్మల్ని అందుకోడానికి పరుగెత్తే కదా ఈ మోకాలు ఇలా అయింది."

ఆ మాట ఆవిడ కోపంగా అనలేదు. ఎండగా ఉందన్నట్టు అంది. బ్యాంకావిడ సముద్రం వైపు తిరిగి నిలబడింది. మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండానే తీసేశారు.

ఇంటిదారి పట్టినప్పుడు తాతయ్య అలవాటుగా నాలుగడుగులు దూసుకుపోయి, ఆగాడు. అమ్మమ్మ వచ్చి, దాటి, ముందుకు వెళ్ళేదాకా రెయిలింగు చూస్తున్నట్టు నటించాడు. తర్వాత ఆవిడ వెనక నడవడం మొదలుపెట్టాడు. పుట్టి బుద్ధెరిగి నెమ్మదిగా నడిచి ఎరగడేమో, బ్యాండుస్టాండు దాటకుండానే రెండుసార్లు ఆవిడ మడమ తొక్కాడు. రెండోసారి చెప్పు తెగింది.

"ముందుకే పొండి బాబూ మీరు," అంది అమ్మమ్మ.

"పోను. నువ్వే పో."

తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఆవిడ, ఆవిడ వెనక ఆయన, కిలోమీటరు కూడా లేని దారిని గంటసేపు నడిచారు. ఆ తర్వాతి ఆదివారం కూడా అమ్మమ్మ వెళ్ళింది. తాతయ్యా వెళ్ళాడు. మాస్టారు అడిగిన చోట రెండు ముక్కలు చెప్పాడు, రంగుకు ముందు వేసే ప్రైమరు గురించి. ఎవరికీ నచ్చలేదు. అమ్మమ్మ మాత్రం తల పక్కకు వాల్చి వింది. మాస్టారు, "ఫరవాలేదా అమ్మా?" అని అడగబోయినప్పుడల్లా తాతయ్య వెనకనుంచి ఓ క్షణం ముందే, "ఏమే, ఫరవాలేదా?" అని అరుస్తున్నాడట. ఇప్పటికీ అంతే.

ఇదంతా రాసి ఆయనకు చదివి వినిపించాను. అడ్డుపడకుండా మొత్తం విన్నాడు. "ఏం తాతయ్యా, ఇంకా అసూయేనా?" అన్నాను.

"అసూయే. రాసుకో. ఈ కాగితాలు ఆ మాస్టారికి గానీ చూపించావంటే, నీ మొహానికి రెండు పూతలు నల్లరంగు వేస్తాను."