పేటంతా కలిసి లేపిన గోడ

ఇంకా పెళ్ళి కాని ఆ రోజుల్లో నాకు బరువంటే తెలిసిన కొలత డింగీ ఒక్కటే. డింగీ కంటే పొడవుగా కనిపించేదల్లా డింగీ కంటే బరువుగానే ఉంటుందని గట్టి నమ్మకం. నడక వచ్చిన దగ్గర్నుంచీ తాడు పట్టుకుని పడవలు లాగినదాన్ని, ఇంకెలా అనుకుంటాను? అండమాన్లో రంగత్ దగ్గర మా జాలరి పేటలో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఒక హాలు కడుతుంటే కూలికి వెళ్ళాను. ఆ నమ్మకాన్నీ వెంట తీసుకుపోయాను.

హాలు కట్టే మేస్త్రీని అందరం టేప్ భయ్యా అనేవాళ్ళం. నడుముకి కొలత టేపు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు (అన్నం తినేటప్పుడు కూడా ఉండేది). ఆయన ఇటుకలు తేలేదు. తళతళలాడే పల్చటి స్టీలు రేకు పట్టీలు లారీలోంచి దించాడు. తొట్టిలా మడిచిన పట్టీ పేరు ట్రాక్. అది కింద ఒకటి, పైన ఒకటి. వాటి మధ్య నిటారుగా ఉండేవి స్టడ్లు. గోడ పక్కకి ఒరగకుండా మూల నుంచి మూలకి ఏటవాలుగా ఇంకో పట్టీ. అన్నిటినీ కలిపి పట్టుకునేవి స్క్రూలు. ఈ చట్రాన్ని నేలమీద పడుకోబెట్టి బిగించి, తర్వాత లేపి నిలబెట్టి, దానికి బోర్డులు కొడతారు. మా మావ (అమ్మకి తమ్ముడు, పేటలో పెద్ద గొంతు ఆయనదే) రోజూ వచ్చి చూసి, "ఏటే పిల్లా, ఇది హాలా, కోళ్ళ గూడా?" అని నవ్వి పోయేవాడు.

నా మనసు మాత్రం స్క్రూ మెషిన్ మీద పడింది. గర్రుమని ఒక్క అరుపు అరిచి స్క్రూని రేకులోకి దింపేసేది. నా పనేమో స్క్రూలు అందించడం, ఊడ్వడం. రోజూ పోరు పెట్టగా పెట్టగా ఒక ఉదయం టేప్ భయ్యా దిగొచ్చాడు. "ఠీక్ హై బెహన్. పొడుగు గోడ ఇవాళ సీదాగా నిలబడిందా, మెషిన్ నీ చేతికి. పడిందా, ఝాడూయే నీకు. నా ఫిట్టర్లు జ్వరమని రాలేదు. జావో, ఓ నలుగురిని పిలుచుకురా."

నలుగురిని! మా పేటలో అదెలా కుదురుతుంది? ఒడ్డుకి డింగీ లాగాలని కబురు వస్తే అందరూ రావాలి. పిలవని ఇల్లు ఉంటే ఆ ఇంటివాళ్ళు వర్షాకాలం దాకా ముఖం చాటేస్తారు. పైగా ఆ గోడ రెండు డింగీల పొడవుంది. నా మెషిన్ దాని మీద ఆధారపడి ఉంది. అందుకని ఎవరినీ వదల్లేదు. చేపలు ఆరబెడుతున్న ఆడవాళ్ళతో సహా పేట మొత్తం వచ్చేసింది.

టేప్ భయ్యా తల పట్టుకున్నాడు. "అరే బెహన్! చార్ ఆద్మీ అన్నాను, బారాత్ తెచ్చావా!"

"నువ్వు పక్కకి తప్పుకో భయ్యా," అన్నాడు మావ లుంగీ ఎగ్గడుతూ. "సముద్రంలోంచి లాగే సేతులివి."

"హల్కా హై భాయ్, తేలిక, ధీరే, ధీరే..." అని ఆయన అంటూనే ఉన్నాడు. మావ "హైలెస్సా!" అన్నాక ఇంకెవరి మాట వినిపిస్తుంది?

గోడ లేచింది. లేవడమేమిటి, ఎగిరింది. నిలబడాల్సిన చోట ఒక్క క్షణమైనా ఆగకుండా అటువైపు ఇసక కుప్ప మీద వెల్లకిలా పడింది. బరువుంటుందని బిగపట్టిన బలం ఎటు పోవాలో తెలియక మావ ముందుకి తూలి అత్త మీద పడ్డాడు. "లెగు, బేగి లెగు! నాను డింగీననుకున్నావేటి?" అని అత్త అరిచేసరికి పేటంతా పగలబడి నవ్వింది. మావ లేచి, దుమ్ము దులుపుకుని, గోడకేసి అనుమానంగా చూసి, "ఇది గోడేటే? అప్పడం!" అన్నాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. చీపురు ఎక్కడుందో వెతుక్కున్నాను. టేప్ భయ్యా చట్రం చుట్టూ ఒకసారి తిరిగి, వంగిన స్టడ్లు వేలితో చూపించి, నా ముఖం చూసి, నవ్వు ఆపుకోలేక కూలబడిపోయాడు. "ఇవన్నీ విప్పి కొత్తవి వెయ్యాలి. ఫిట్టర్లు లేరు. నాకు రెండే చేతులు. ఇధర్ ఆ," అని మెషిన్ నా చేతిలో పెట్టి, పక్కనున్న మీట వెనక్కి తిప్పాడు. "ముందు ఉల్టా తిప్పడం నేర్చుకో."

మధ్యాహ్నానికి చట్రం మళ్ళీ తయారైంది. ఈసారి ఆయనే నలుగురిని ఏరుకున్నాడు. మిగతావాళ్ళు అలగకుండా, దూరంగా కూచుని "హైలెస్సా" అనే పని వాళ్ళకి అప్పగించాడు. అంత గోల మధ్య, గోడ నిద్రలేచిన పసిపిల్లలా మెల్లగా లేచి నిలబడింది. మావ వెళ్ళి దాన్ని భుజంతో తోసి చూశాడు. కదల్లేదు. "పరవాలేదు," అన్నాడు, తనే కట్టినట్టు.

ఇప్పుడు నా కింద ఆడపిల్లలు పనిచేస్తున్నారు. చదువు ఆలస్యంగా వచ్చిన దాన్ని కాబట్టి కొలతలు ఇప్పటికీ కూడబలుక్కుని చదువుతాను, వాళ్ళు ఓపిగ్గా ఆగుతారు. కొత్తగా వచ్చిన పిల్లకి మెషిన్ ఇచ్చినప్పుడల్లా నాకు ఆ ఉదయం నన్ను నేను చూసినట్టుంటుంది: చెమటలు కారుతూ, ఒక్కో స్క్రూ బయటికి వచ్చినప్పుడల్లా పేట చూస్తోందా లేదా అని తలెత్తి చూసుకునే పిల్ల. చేసిన పనిని విప్పుతూ అంత గర్వపడినదాన్ని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.