తెల్మా ఎర్ర స్వెట్టరు

మా కాలవ మీద ఒక ఆచారం ఉంది. దాన్ని ఆచారమని ఎవరూ ఒప్పుకోరు. మొగుడు చుక్కాని పట్టుకుని పడవ మీద నిలబడతాడు, పెళ్ళాం గట్టు మీదికి దిగి లాకు తలుపులు తోస్తుంది. టన్నుల బరువున్న తలుపు దూలానికి నడుం ఆనించి, కాళ్లు నేలకు తన్నిపెట్టి వెనక్కి వెనక్కి నడిచేది ఆవిడ. "ఇంకాస్త, ఇంకాస్త" అంటూ టీ తాగేది ఆయన. ఇదేం న్యాయమయ్యా అని అడిగితే, పడవ నడపడం ఒడుపుతో చేసే పని అంటారు. తెల్మా గార్‌సైడ్ ఇరవై ఏళ్లకు పైగా ఈ మాట వింటూ, తలుపులు తోస్తూ బతికింది.

ఆవిడ మొగుడు విల్ఫ్, హాలిఫాక్స్ ఊరి కొండ రోడ్లలో బస్సు నడిపిన మనిషి. ఉద్యోగం మానేనాటికి ఆయన బస్సు మీద ఒక్క గీత లేదు. ఆ సంగతి కొత్తగా పరిచయమైన ప్రతివాడికీ చెప్పేవాడు, పాతవాళ్లకు మళ్లీ చెప్పేవాడు. తెల్మా బడి వంటశాలలో బంగాళాదుంపలు వలిచి వలిచి రిటైరయింది. ఇద్దరి డబ్బూ కలిపి పొడుగాటి ఇరుకు పడవ ఒకటి కొన్నారు. దానికి విల్ఫ్ తన తల్లి పేరు పెట్టాడు, నెట్టీ అని. బతికుండగా అత్తగారితో ఒక్క వారం సర్దుకోలేకపోయిన తెల్మా, ఆవిడ పోయాక ఏటా సగం ఏడాది ఆవిడ కడుపులోనే కాపురం చేయాల్సివచ్చింది. అయినా ఆ పడవంటే తెల్మాకు ప్రాణం. ఊళ్లో మూడో అంతస్తు గదుల్లో చలికాలమంతా టీవీ ముందు కూర్చుని, గడ్డి చిగురు వేసే రోజు కోసం ఎదురుచూసేది.

ఈ వసంతంలో, మంచులు తగ్గి పడవ కదిపిన మొదట్లోనే ఆవిడకు అనుమానం వచ్చింది. విల్ఫ్ టీ కప్పులో కాకుండా కప్పు పక్కన పోశాడు. ఎన్నోసార్లు దాటిన వంతెన కింద పడవను గోడకు రాశాడు. ఎదురుగా ఉన్న బోర్డు చదవమంటే "చదివి ఏం ఉద్ధరించాలి" అని విసుక్కున్నాడు. చూపు నట్టనడుమ ఏదో మసక కమ్ముతోందని, పక్కల మాత్రం కనబడుతోందని ఆయన తల వంచే తీరును బట్టి ఆవిడ పోల్చుకుంది. కోడి గింజను చూసినట్టు ఓరగా చూసేవాడు.

అడగలేదు. అడగకపోవడానికి కారణం ఉంది. ఆ నెలలోనే సిరిల్ అనే పాత పడవ మనిషి వంతెనకు గుద్ది పరువు పోగొట్టుకున్నాడు. ఆ సాయంత్రం కాలవగట్టు సారాకొట్లో అందరి ముందూ విల్ఫ్ అన్నాడు:

"చుక్కాని పట్టలేని రోజు వస్తే ఆ రోజే పడవ అమ్మేస్తా. మూటలా ఓ మూల కూర్చుని ఊరేగే రకం కాదు నేను."

అన్నమాట మీద నిలబడే మొండిఘటం. నలుగురిలో సిగరెట్ మానేస్తానని నోరుజారి, ఆ క్షణం నుంచీ మానేసినవాడు. అందుకే తెల్మా నోరు కట్టేసుకుంది. ఆ మాట పైకి వచ్చిన రోజున నెట్టీ పోతుంది, నెట్టీ పోతే మిగిలేది మూడో అంతస్తు.

దారి కూడా ఆవిడకే దొరికింది. పండక్కి అక్క అల్లి ఇచ్చిన ఎర్ర స్వెట్టరు ఒకటి ఉండేది. అంత ఎరుపు మనిషన్నవాడు వేసుకోడని పక్కన పడేసింది. ఒకరోజు వేరేవి తడిసిపోతే గత్యంతరం లేక వేసుకుంది. ఆ రోజు విల్ఫ్ లాకులోకి నూలు పట్టినట్టు వచ్చి, సరిగ్గా ఆవిడ పక్కన ఆగాడు. మర్నాడు బూడిదరంగు వేసుకుంటే గోడకు కొట్టాడు. ఇక చూసుకోండి, వేసవంతా అదే స్వెట్టరు. సాయంత్రం ఉతికి పొయ్యి దగ్గర ఆరేయడం, పొద్దున్నే చెమ్మచెమ్మగానే తొడుక్కోవడం. గట్టు మీది జనం "ఏమమ్మా, వేరే బట్టల్లేవా" అని ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేది. ప్రతి లాకు దగ్గరా గట్టు మీది తెల్లగీత పక్కన వెళ్లి నిలబడేది.

ఆ తెల్లగీత సంగతి చెప్పాలి. కిందికి దిగే పడవ నిండు లాకులోకి వస్తుంది. వెనక పై తలుపులు మూసి, ముందు కింది తలుపుల తూములు ఎత్తితే నీళ్లు పోయి పడవ మెల్లగా దిగుతుంది. పై తలుపుల అడుగున, నీళ్లలో కనబడకుండా, రాతి గడప ఒకటి లాకులోకి పొడుచుకు వచ్చి ఉంటుంది. అది ఎంతవరకు ఉందో గట్టు మీద తెల్లగీత గీసి ఉంచుతారు. పడవ తోక ఆ గీతకు ముందు ఉండాలి. వెనక ఉందా, నీళ్లు దిగేకొద్దీ తోక గడప మీద చిక్కుకుని ఆగిపోతుంది, ముక్కు మాత్రం దిగుతూనే ఉంటుంది. అట్లా మునిగిన పడవల కథలు మా వాళ్లు పిల్లలకు కూడా చెప్పరు.

ఆకులు రాలి నీళ్ల మీద గోధుమరంగు చాపలా పరుచుకున్నాయి. ఆష్‌బ్రో దగ్గర కొండ దిగే ఐదు లాకులనూ చలికాలపు మరమ్మతులకు మూసేసే రోజు వచ్చింది. ఆ మధ్యాహ్నం దిగాల్సిన ఆఖరి పడవ నెట్టీ. కింద మడుగులో దాన్ని కట్టేసి, గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి పగలకుండా వంపేసి, పైన గుడ్డ కప్పి ఇంటికి పోవాలి. ఈ ఐదూ గడిస్తే ఈ ఏటికి గండం గడిచినట్టే, వచ్చే ఏడు సంగతి అప్పుడు చూసుకోవచ్చని తెల్మా అనుకుంది.

లాకుల దగ్గర డెస్ అనే ఆయన కాచుకుని ఉన్నాడు. ఈ ఏడే స్వచ్ఛందంగా చేరాడు. జీతం లేని ఉద్యోగం కాబట్టి హడావుడికి లోటు లేదు. మెడలో తాళంచేతుల గుత్తి, ఒంటి మీద నీళ్లలో తేలే ఎర్ర చొక్కా.

"మీరు దిగుతుంటే మీ వెనకే తాళాలు వేసుకుంటూ వస్తాను. చీకటి పడేలోగా ఇంట్లో పడాలి, మా ఆవిడ పార్కిన్ చేసింది" అన్నాడు.

"ఆ కేకు మొన్న తిన్నాలే, దాంతో లాకు గోడ కట్టొచ్చు" అన్నాడు విల్ఫ్ పడవ మీద నుంచి.

"నీ నోరు పడ. ఆవిడకు చెప్తానుండు."

మొదటి రెండూ సాఫీగా దిగారు. చలిగాలి మొదలైంది. విల్ఫే కేక వేశాడు, కోటు తొడుక్కో, నీకు జలుబు చేస్తే వండి పెట్టే దిక్కు లేదని. తెల్మా ముదురాకుపచ్చ వానకోటు తొడుక్కుంది, గుండీలు పెట్టకుండా, లోపలి ఎరుపు కనబడేట్టు. మూడో లాకు దగ్గరికి వచ్చేసరికి మంచు కలిసిన వాన మొహాన కొట్టింది. చేతులు కొంకర్లు పోయాయి. ఆలోచన లేకుండా, చలికి ఎవరైనా చేసే పనే చేసింది. కోటు గుండీలు మెడదాకా పెట్టేసింది.

గీత దగ్గర నిలబడింది, ఎప్పటిలాగే. పడవ లోపలికి వచ్చింది. ముక్కు గోడకు తగలకుండా బాగానే వచ్చింది కదా అని ఆవిడ ఊపిరి పీల్చుకుని, పడవ ఆగేదాకా ఉండకుండా కింది తలుపుల వైపు గబగబా నడిచింది. వెనక డెస్ పై తలుపులు మూశాడు. అక్కడే వంగి, పై తూములను తిప్పే మరకు గొలుసు చుట్టి తాళం వేస్తున్నాడు. ఆ తాళం పడవ దిగిపోయాక వేయాల్సింది.

తెల్మా వంకర ఇనుప కడ్డీని మరకు తగిలించి ఒక తూము ఎత్తింది. నీళ్లు హోరుమని కిందికి దూకాయి. రెండోదానికి వెళ్తుండగా విల్ఫ్ గొంతు వినబడింది.

"సరిపోయిందా, తెల్మా? ఇక్కడే ఉండనా?"

ఆ మాట ఆవిడ వైపు రాలేదు. విల్ఫ్ వెనక్కి తిరిగి, పై తలుపుల దగ్గర వంగి ఉన్న ఎర్ర చొక్కాతో మాట్లాడుతున్నాడు. డెస్ తలెత్తకుండా "ఏంటీ" అన్నాడు. పడవ తోక ఆ ఎరుపుకు సరిగ్గా పక్కన ఉంది. తెల్లగీత దానికి ముందు ఉంది.

తెల్మా రెండు చేతులూ ఊపింది. "ముందుకు, విల్ఫ్, ముందుకు పోనీ" అని అరిచింది. నీటి హోరులో ఆ మాట ఎటు పోయిందో. అప్పుడే పడవ అడుగు రాతి మీద కూర్చున్న చప్పుడు, పళ్లు కొరికినట్టు. తోక ఆగిపోయింది. ముక్కు దిగుతోంది. గదిలో కప్పులూ పళ్లేలూ ముందుకు జారి భళ్లుమన్నాయి. విల్ఫ్ కాళ్లు జారి చుక్కాని పట్టుకుని వేలాడాడు.

ఆవిడ వెనక్కి పరిగెత్తి తూము దించేసింది. కానీ అవి ముసలి తలుపులు, సందుల్లోంచి నీళ్లు కారిపోతూనే ఉన్నాయి. ముక్కు ఇంకా దిగుతోంది. ముందు గుమ్మం దగ్గర నీళ్లు అంచు దాటి లోపలికి పొర్లడం మొదలైంది.

"డెస్, పై తూము ఎత్తు. నెమ్మదిగా ఎత్తు, ఒక్కసారిగా కాదు."

"తాళం వేసేశానమ్మా."

"వేసిన చేత్తోనే తియ్యి."

డెస్ గుత్తి అందుకున్నాడు. తడి వేళ్లలో తాళంచెవి జారి గడ్డిలో పడింది. వెతికాడు, పట్టుకున్నాడు, తప్పు చెవి పెట్టాడు, మళ్లీ తీశాడు. తెల్మా పడవనే చూస్తోంది. ఆవిడకు అత్తగారి మీద ఎన్నడూ కలగని జాలి ఆ పడవ మీద కలిగింది. విల్ఫ్‌ను చూసే ధైర్యం లేక పడవను చూసింది, అదీ అసలు సంగతి. చివరికి తాళం ఊడింది. డెస్ కొద్దికొద్దిగా తూము ఎత్తాడు. నీళ్లు మెల్లగా పైకొచ్చాయి. చాలాసేపటికి తోక గడప మీద నుంచి లేచి, ఒక్కసారి ఒళ్లు దులుపుకున్నట్టు ఊగి, పడవ చదునుగా తేలింది.

డెస్ మొహం సున్నం కొట్టినట్టుంది. "తాళం వేయడం నా తప్పే. కానీ విల్ఫ్, ఆ గీత ఎట్లా కనబడలేదయ్యా నీకు?"

"తప్పు నాది, చూడకుండా తూము ఎత్తాను" అంది తెల్మా వెంటనే. వేసవంతా నిజం దాచి అలవాటైన నోటికి ఈ అబద్ధం సులువుగా వచ్చింది.

"నోర్ముయ్ తెల్మా" అన్నాడు విల్ఫ్. కోపంగా కాదు, అలిసిపోయి. "డెస్, నిన్ను చూసి నా పెళ్ళాం అనుకున్నా."

డెస్ నవ్వబోయి మానుకున్నాడు. కింది లాకు సిద్ధం చేస్తానంటూ వాళ్లిద్దర్నీ వదిలేసి వెళ్లాడు.

ఇద్దరూ కలిసి ముందు గుమ్మంలో నీళ్లు తోడి పోశారు. విల్ఫే మాట మొదలుపెట్టాడు.

"ఆ స్వెట్టరు నువ్వు ఎందుకు విప్పడం లేదో నాకు తెలుసు. వానాకాలం కప్పలా రోజూ అదే వేషం. తెలిసీ అడగలేదు."

"అడిగితే?"

"అడిగితే నువ్వు చెప్తావు. చెప్తే నేను అమ్మాలి."

తెల్మాకు ఏడుపొచ్చింది. వేసవంతా ఒక్కతే మోశాననుకున్న బరువును ఆ మనిషి రెండో వైపు మోస్తూనే ఉన్నాడు. ఏడుస్తూనే కోపమూ వచ్చింది.

"అయితే ఇప్పుడు అమ్ముతావా?"

"అందరి ముందూ అన్నాను కదే."

"అన్నావు. ఏమన్నావు? చుక్కాని పట్టలేని రోజు అన్నావు. ఎవరు పట్టలేని రోజు? ఈ పడవలో ఇద్దరున్నారు."

విల్ఫ్ ఓరగా చూశాడు. "నువ్వా? నీకు రాదు."

"నేర్పావా ఏనాడైనా? తలుపులు నేను తోశాను, పేరు నువ్వు కొట్టేశావు. పిచ్చి ముసలాడా, నీ చూపు పోయింది కానీ నీ నడుం పోలేదుగా. పోయి తోయి."

విల్ఫ్ లేచాడు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. తెల్మా చుక్కాని దగ్గర నిలబడింది. వాన తగ్గింది. అలిగాడు, ఇక రేపు పొద్దున్నే పేపర్లో ప్రకటన వేస్తాడు అనుకుంది. పగిలిన పళ్లేల మీద నడుస్తున్న చప్పుడు, తర్వాత ఏదో వెతుకుతున్న చప్పుడు.

తలుపు తీసుకుని వచ్చాడు. "ఒంటి మీదిది విప్పి ఇయ్యి" అన్నాడు.

"ఏది?"

"ఎర్రది."

ఆవిడ కోటు కింద నుంచి స్వెట్టరు తీసి ఇచ్చింది. ఇవ్వమన్నది ఎందుకో అర్థం కాలేదు, కాలవలోకి విసిరేస్తాడేమో అనుకుంది. విల్ఫ్ దాన్ని తల మీద నుంచి లాక్కున్నాడు. పొట్ట దగ్గర ఆగిపోతే గుంజి గుంజి దించాడు. చేతులు మోచేతులు దాటలేదు. ఇనుప కడ్డీ తీసుకుని, గట్టు మీదికి కాలు పెట్టేముందు తడిమి చూసుకుని దిగాడు.

డెస్ తిరిగి వచ్చి పడవను మూడోదాంట్లోంచి దింపి పంపాడు. నాలుగో లాకు ముందుంది. తెల్మా చుక్కానిని రెండు చేతులా పట్టుకుంది. పడవను ఎడమకు తిప్పాలంటే చుక్కానిని కుడికి తోయాలన్న సంగతి ఇన్నేళ్లు చూసిందే కానీ చేతికి తెలియదు. ముక్కు వెళ్లి లాకు గోడకు గట్టిగా తగిలింది.

"మా అమ్మకు తగిలింది" అన్నాడు విల్ఫ్ గట్టు మీద నుంచి.

"మీ అమ్మ నన్ను అన్న మాటలకు ఇది చాలా తక్కువ."

డెస్ పగలబడి నవ్వాడు. పడవ తోకకు పక్కగా, పై తలుపుల దగ్గర, విల్ఫ్ దూలానికి నడుం ఆనించి తోశాడు. తలుపు కదలలేదు. పళ్లు బిగించి మళ్లీ తోశాడు. "ఇంత బరువా ఇది?" అన్నాడు. తెల్మా టీ ఉంటే బాగుండేదనుకుంది.

తలుపు మూసుకుంది. విల్ఫ్ బూటు కొసతో నేలను రాస్తూ నాలుగడుగులు ముందుకు వచ్చి, పెయింటు మందంగా ఉన్నచోట ఆగాడు. రెండు కాళ్లూ గీత మీద పెట్టి, ఆ బిగుతు స్వెట్టరులో, చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు.

"కనబడుతున్నానా?" అని అడిగాడు.

తెల్మా పడవను మెల్లగా ముందుకు పోనిచ్చింది. తోక ఆయన్ను దాటేదాకా పోనిచ్చి ఆపింది.

"కనబడుతున్నావు. కదలకు."

డెస్ కింది తూము ఎత్తాడు. పడవ దిగడం మొదలైంది. రెండు పక్కలా తడిగోడలు లేచాయి, గట్టూ చెట్లూ కనబడకుండా పోయాయి. తల ఎత్తి చూస్తే పైన ఆ ఎరుపు ఒక్కటే ఉంది. నీళ్లు పూర్తిగా దిగేదాకా ఆయన కదలలేదు.