నల్లక్షరం లేని రిపోర్టు

స్పిరిట్ దూది వాసన తగిలితే చాలు, నా కాళ్ళు ఒకచోట నిలవవు. ఈ ఉదయం కంచరపాలెం ల్యాబులో మా ఆయన చెయ్యి చాపి కూర్చుంటే, నేను గుమ్మానికీ బల్లకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఇదే గదిలో ఏళ్ళ తరబడి రక్తం తీసిన నరసమ్మ పిన్ని కిందటేడు పోయింది. నాకు చుట్టమేమీ కాదు. అక్కడికొచ్చే ఆడవాళ్ళందరికీ పిన్నే. నేను బడికి వెళ్ళలేదు. నాన్న ఇంట్లోనే చదువు చెప్పాడు. ఆయన ఆపిన చోట పిన్ని అందుకుంది.

మా ఆయన అచ్యుతాపురంలో ఓ ఇనుప ఫ్యాక్టరీలో, కొలిమి దగ్గర పనిచేస్తాడు. వాళ్ళన్న కిడ్నీలు పాడై, డయాలసిస్ చేయించుకుంటూనే పోయాడు. అప్పటినుంచి ఏటా ఈయన్ని బతిమాలి పరీక్షకు తెచ్చేదాన్ని. అంకె హద్దు దాటితే రిపోర్టులో నల్లగా, లావుగా అచ్చువేస్తారు. అలాంటిది లేకపోతే సింహాద్రి అప్పన్నకు దండం పెట్టుకుని ఊరుకునేదాన్ని. నాలుగేళ్ళ కిందటి రిపోర్టులోనూ లేదు. సంబరంగా పిన్నికి చూపించాను.

"క్రియాటినిన్ ఒకటీ పాయింట్ రెండు. కిందటేడు ఎంత?"

"హద్దు ఒకటీ పాయింట్ మూడు కదా పిన్నీ, లోపలే ఉంది."

"హద్దు ఊరందరిదీ పాపా. నాను నీ మొగుడిది అడగతన్నాను. పాత కాయితాలేవి?"

"పూజ అరలో... పటాల కింద పరిచాను."

"బాగుందే! అప్పన్నకి దండమెట్టుకుని ఆయన కింద కాయితాలు లాక్కురా."

పసుపు మరకలు పడ్డ ఆ కాయితాలతో పాటు మర్నాడు ఈయన్నీ తీసుకొచ్చాను. పక్కపక్కన పెట్టింది. సున్నా పాయింట్ ఎనిమిది, ఒకటి, ఒకటీ పాయింట్ రెండు. కండలు పనిచేయగా మిగిలే చెత్తే క్రియాటినిన్ అనీ, కిడ్నీ దాన్ని వడకట్టలేకపోతే రక్తంలో పోగుపడుతుందనీ చెప్పింది. రిపోర్టులో దాని కింద ఉండే ఇజీఎఫ్ఆర్ ఆ వడపోతకు లెక్క. క్రియాటినిన్ పెరిగితే అది తగ్గుతుంది. "నాను డాక్టర్ని కాదు, జబ్బనీ అనను. ఈ మూడూ డాక్టరుకి సూపించు" అని ఈయన వైపు తిరిగింది.

"ఏటయ్యా, ఒళ్ళునొప్పులకి ఏటి మింగుతన్నావ్?"

"ఏటీ లేదు పిన్నీ. ఇనుము కాడుండి నానూ ఇనుమైపోనాను."

"ఇనుముకి సూది దిగదు. నీకు దిగినాది. సెప్పు."

తల దించుకున్నాడు. రెండేళ్ళుగా రోజూ డ్యూటీకి ముందు నొప్పి బిళ్ళ. ఒకే ఇంట్లో ఉండి నాకు తెలియదు. కోపం ముందొచ్చిందో, భయం ముందొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

డాక్టరు మూత్రం కూడా పరీక్ష చేయించి, ప్రోటీన్ కొంచెం పోతోందన్నారు. నొప్పి బిళ్ళలు రోజూ మింగితే కిడ్నీ దెబ్బతింటుందని వాటిని మాన్పించారు. మూడు నెలలకోసారి రమ్మన్నారు.

ఈ సాయంత్రం రిపోర్టు వచ్చింది. ఒకటీ పాయింట్ రెండే. నాలుగేళ్ళుగా కదల్లేదు. ఈ మాట మొదట చెప్పాల్సిన మనిషి లేదు. దీపం పెట్టి ఆమెను తలుచుకున్నాను. ఈయనకు నూరేళ్ళిమ్మని అప్పన్నను ఇప్పుడు అడగను. వచ్చే మూడు నెలలు అడుగుతాను. అవి దక్కాక మళ్ళీ అడుగుతాను.