మా అన్నయ్య మోకాళ్ళ నొప్పి

మా అన్నయ్య క్లెమ్ హాకింగ్ నోరు విప్పితే మా ఊరు నుమర్కాలో వాన పడుతుందని మా ఆయన మెర్వ్ ఎగతాళి చేస్తుంటాడు. వాన సంగతేమో గానీ, కొన్ని మాటలు అన్నయ్య నోట ఎన్నడూ రాలేదు. వాటిలో మొట్టమొదటిది మరుగుదొడ్డి.

ఏటా ఈస్టర్‌కి మా కుటుంబమంతా ముర్రే నది ఒడ్డున ఇసుకతిన్నె మీద డేరాలు వేస్తాం. అక్కడ కుళాయీ లేదు, గదీ లేదు. ఒడ్డుకు దూరంగా యూకలిప్టస్ చెట్టుకు ఒక పార ఆనించి ఉంటుంది. పక్కనే పాలపొడి డబ్బాలో కాగితపు చుట్ట. పార అక్కడ లేదంటే ఎవరో పొదల్లోకి వెళ్ళారని అర్థం, ఇంకెవరూ అటు పోకూడదు. "పార పట్టుకెళ్ళాడు" అంటే చాలు, మాకు తెలిసిపోతుంది. నోరు తెరిచి చెప్పే బాధ తప్పుతుందని ఈ పద్ధతి పెట్టింది అన్నయ్యే.

మొన్న చలికాలంలో మా వదిన నోయెలీన్‌కి మోకాలి ఆపరేషన్ అయింది. ఈస్టర్ దగ్గర పడేసరికి కొత్త రాగం ఎత్తుకుంది.

"ఈసారి నేను రానులే వాల్డా. కోళ్ళనెవరు చూస్తారు?"

ఆ కోళ్ళను ఏళ్ళ తరబడి పక్కింటావిడ చూస్తోంది. నాకు ఒళ్ళు మండింది.

"కోళ్ళ కబుర్లు నాకు చెప్పకు వదినా. అసలు సంగతేంటి?"

కాసేపు గిన్నెలు సర్దినట్టు నటించింది. తర్వాత చెప్పింది. "గొంతుక్కూర్చుంటే లేవలేనే. పొదల్లో పడిపోయి కేకలేస్తే మీ ఆయనొచ్చి లేపాలా? సిగ్గుతో చస్తాను."

"అన్నయ్యకి చెప్పు. మోసుకెళ్ళే మరుగుదొడ్లు దొరుకుతున్నాయిగా, పెట్టెల్లాంటివి!"

"చెప్తే కొనుక్కొస్తాడు. డేరాలన్నిటి మధ్యా పెడతారు. నోయెలీన్ కోసమట అని చిన్నా పెద్దా చెప్పుకుంటారు. నువ్వు మీ అన్నయ్యతో అన్నావో, ఇక నీతో మాట్లాడను."

పెళ్ళయిన నాటి నుంచీ ఒక్క ఈస్టర్ కూడా మానని మనిషి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ అన్నయ్యకి చెప్పనని మాటిచ్చి నోరు మూసుకున్నాను.

ఆ వారంలోనే అన్నయ్య బండి వేసుకొచ్చి, షెపర్టన్ పట్నం వెళ్దాం పద అన్నాడు. ఎందుకంటే, "ఊరికే" అన్నాడు. ఊరికే వెళ్ళినవాడు తిన్నగా డేరా సామాను అమ్మే దుకాణం ముందు బండి ఆపాడు. లోపల ఒక వరసంతా అవే పెట్టెలు. జేబులోంచి గడ్డిమోపులు కట్టే తాడు ముక్కొకటి తీశాడు. మధ్యలో ముడి వేసి ఉంది.

"ఏంటన్నయ్యా అది?"

"మా వంటింటి కుర్చీ ఎత్తు."

నాకు వెంటనే అర్థమైంది. ఇంట్లో బల్ల పట్టుకోకుండా వదిన లేవగలిగేది ఆ ఒక్క కుర్చీలోంచే. నేనేమీ చెప్పలేదు, ఆమె కూడా చెప్పలేదు. ఆ మూగమనిషి అన్నీ చూస్తూనే ఉన్నాడు.

మూత ఉన్న బకెట్ ఒకటి ఉంది. తాడు పెట్టి చూస్తే మరీ పొట్టి. మడతకాళ్ళది, కింద సంచి తగిలించేది, సరిగ్గా ముడి దగ్గరికే వచ్చింది. నలుగురూ చూస్తుండగా మా అన్నయ్య, ఆ మాట పలకడానికే సిగ్గుపడే మనిషి, దాని మీద కూర్చుని అటూ ఇటూ ఊగాడు.

"కదుల్తోంది. భయపడుతుంది" అన్నాడు. ఎవరన్నది మాత్రం చెప్పలేదు.

మూడోది దిట్టమైన పెట్టె. పైన నీళ్ళ తొట్టి, కింద విడదీసి తీసుకెళ్ళి పారబోసే తొట్టి, వాసన రాకుండా గట్టి మూత. కూర్చుంటే కదల్లేదు గానీ ముడికి నాలుగు వేళ్ళు తక్కువొచ్చింది. దుకాణంలో అమ్మాయి వచ్చి, ఎవరి కోసమండీ అనడిగింది.

"నాకే" అన్నాడు, చెవులు ఎర్రబడిపోతుండగా.

ఆ నాలుగు వేళ్ళ ఎత్తుకీ షెడ్డులో చెక్కపీట చేశాడు. రెండు వైపులా పట్టుకోవడానికి కర్రలు బిగించాడు. అప్పుడు వదిన ముందు కూర్చుని, నేనుండగానే, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"నా మోకాళ్ళు అరిగిపోయాయి. పొదల్లో కూర్చుంటే లేవలేకపోతున్నాను. పెట్టె కొన్నాను. నువ్వు రాకపోతే నన్నెవరు చూసుకుంటారు?"

వదిన అతని కాళ్ళకేసి చూసింది, నాకేసి చూసింది. నేను కిటికీలోంచి కోళ్ళను చూస్తున్నాను.

"సరే, వస్తాను. తప్పుతుందా!" అంది.

నది దగ్గర సామాను దించుతుంటే మా ఆయన ఘనకార్యం చేశాడు. ఆ పెట్టెను చూసి కొత్త ఐసుపెట్టె అనుకుని, మూత తీసి బీరు సీసాలు సర్దేశాడు. ఐసు కోసం వెతుకుతుంటే అన్నయ్య అరిచాడు.

"అది ఐసుపెట్టె కాదు బావా! నా మరుగుదొడ్డి!"

ఒడ్డు ఒడ్డంతా వినపడింది. పిల్లలు ఇసుకలో దొర్లి దొర్లి నవ్వారు. అన్నయ్య మాత్రం దాన్ని మోసుకెళ్ళి చిన్న డేరాలో పెట్టి, దాని ముందు పార గుచ్చి చూపించాడు. పార అక్కడ నిలబడి ఉంటే లోపల మనిషి ఉన్నట్టు.

ఇక మెర్వ్‌కి పట్టపగ్గాల్లేవు. "రాజుగారు సింహాసనం ఎక్కుతారా?" అనేవాడు. అన్నయ్య కుంటుకుంటూ వెళ్ళి, కుంటుకుంటూ వచ్చేవాడు. ఆ సందడి చాటున వదిన తన పని తాను చూసుకునేది.

ఒక్కటే లోటు. మంట పక్కన గొంతుక్కూర్చుని, మసిపట్టిన డబ్బాలో టీ కాచేది ఎప్పుడూ అన్నయ్యే. మోకాళ్ళు అరిగినవాడు గొంతుక్కూర్చోకూడదుగా! కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. మెర్వ్ కాచిన కషాయం తాగాం.

ఒక ఉదయం మెర్వ్ కబుర్లలో పడ్డాడు. టీ పొంగి మంట ఆరిపోబోయింది. అన్నయ్య ఒక్క ఉదుటున లేచి, మంట పక్కన గొంతుక్కూర్చుని, డబ్బా పక్కకి లాగి ఊదుతున్నాడు. నిప్పు రాజుకున్నాక గానీ తనెలా కూర్చున్నాడో గుర్తు రాలేదు. అందరం అతని మోకాళ్ళనే చూస్తున్నాం.

"ఏం బావా, నొప్పి నదిలో కొట్టుకుపోయిందా?" అన్నాడు మెర్వ్. అని, తనే ఆగిపోయాడు. అందరి కళ్ళూ మెల్లగా వదిన వైపు తిరిగాయి.

 అన్నయ్య కంగారుగా మోకాలు పట్టుకుని, మూలిగినట్టు చేస్తూ లేవబోయాడు.

"చాల్లే, ఆపు వేషాలు" అంది వదిన. లేచి నిలబడి అందరికీ వినపడేలా చెప్పింది. "ఆ పెట్టె నాది. నా కోసమే తెచ్చాడు ఈ వెర్రిబాగులాయన. నవ్వేవాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే నవ్వేయండి."

ఎవరూ నవ్వలేదు. అన్నయ్య ఇంకా లేవనూ లేక, కూర్చోనూ లేక సగంలో వంగి ఉన్నాడు. వదిన దగ్గరికెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కింది.

"కూర్చో క్లెమ్. నువ్వలా కూర్చుని టీ కాస్తుంటే చూద్దామనే కదయ్యా నేనింత దూరం వచ్చింది."