పీకిన పన్ను, పీల్చిన పోగు

పన్ను పీకించుకోవడమంటే యుద్ధానికి పోయొచ్చినంత గొప్పగా చెప్పుకునే కాలమది. అప్పట్లో మా దిక్కు పన్ను నొస్తే లవంగం పెట్టేవారు, తగ్గకపోతే మంత్రం వేయించేవారు, అప్పటికీ తగ్గకపోతే ఇంకో లవంగం పెట్టేవారు. నాకప్పుడే మీసం మొలుస్తోంది. గద్వాలలో మా మేనమామ ఇంట్లో ఉంటూ ఆయన మగ్గాల మీద చీరలు నేసేవాణ్ణి. ఆయన కూతుర్ని నాకే ఇస్తారని అందరికీ తెలుసు. అందుకే ఆ పిల్ల నాతో మాట్లాడేది కాదు. నేనేమో ఆమె వినేటట్టు గోడలతో మాట్లాడేవాణ్ణి. అలాంటివాణ్ణి పన్నునొప్పికి ఇంట్లో మూలుగుతూ ఎట్లా కూర్చుంటాను? దవాఖానకు పోయి పీకించుకుని వచ్చాను. చీమ కుట్టినట్టుందని ఇంట్లో చెప్పాను. (నా కేక బజారు దాకా వినిపించిందని వాళ్లకు అప్పటికే తెలుసట.)

పీకినచోట నెత్తురు గడ్డ కడుతుందని, అది కదలకుండా చూసుకోవాలని డాక్టరుసాబు మరీమరీ చెప్పాడు. ఆ పూట పుక్కిలించొద్దన్నాడు, గట్టిగా ఉమ్మొద్దన్నాడు, నాలుకతో కెలకొద్దన్నాడు, కొన్నాళ్లు బీడీ ముట్టొద్దన్నాడు. అన్నీ తు.చ. తప్పకుండా పాటించాను. బీడీకట్ట మామకిచ్చేశాను. జావలా పలచగా చేసి చల్లార్చిన జొన్నగట్కను మెల్లగా మింగాను. మరునాడే మగ్గం గుంతలో దిగాను, ఎందుకంటే వనపర్తి దిక్కు రైతులింటి పెళ్లిచీర మగ్గం మీదుంది, ముహూర్తం ముంచుకొస్తోంది.

తగ్గుతున్న నొప్పి కాస్తా ఆ తర్వాత ఒక్కసారిగా తిరగబడింది. చెవిదాకా, కణత దాకా పోట్లు. నోట్లో చెడు వాసన. చెంప పట్టుకుని కూర్చున్న నన్ను చూసి మామకు కోపం వచ్చింది. డాక్టరు పన్ను సగమే పీకి పంపించి ఉంటాడని తేల్చేసి, కండువా దులిపి భుజాన వేసుకుని, నన్ను ముందు నడిపిస్తూ దవాఖానకు బయలుదేరాడు.

డాక్టరుసాబు నోట్లోకి తొంగిచూసి, “గడ్డ ఊడిపోయింది. గుంత ఎండి లోపలి బొక్క కనవడుతుంది” అన్నాడు. (మా దిక్కు బొక్క అంటే ఎముక.) బీడీ తాగావా అని అడిగితే లేదన్నాను.

“ఆని బీడీలన్నీ నేనే తాగుతున్న సాబ్” అని మామ సాక్ష్యం పలికాడు.

పుక్కిలించలేదని, కెలకలేదని కూడా చెప్పాను. డాక్టరు నేనేం పని చేస్తానని అడిగాడు. మగ్గం పని అన్నాను. ఎట్లా నేస్తావో చెప్పమంటే ఉత్సాహం ఆగక చేసి చూపించాను: నూలు చుట్టిన కండెను, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టడం, నాడెకున్న కన్నానికి నోరానించడం, లోపలి పోగు బయటికి వచ్చేదాకా గట్టిగా గాలి పీల్చడం.

డాక్టరుసాబు కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వాడు. “బీడీ గుంజొద్దంటే నాడె గుంజినవా బేటా? ఏది గుంజినా గుంజుడే. గడ్డ ఎట్ల నిలుస్తది?”

మామ కండువా సర్దుకుని గోడవైపు చూశాడు. డాక్టరు గుంత కడిగి, లవంగనూనెలో తడిపిన గుడ్డపీలిక పెట్టాడు. (ఇంతా చేసి మళ్లీ లవంగమే.) చిగురు పూడేదాకా నాడెకు నోరు ఆనించొద్దన్నాడు.

మరి పెళ్లిచీర ఎట్లా? మామకు తన మగ్గం ఉంది. పోగు పీల్చి ఇచ్చే పని ఆయన కూతురి మీద పడింది. కండె అయిపోయినప్పుడల్లా నేను దగ్గేవాణ్ణి. ఆమె వచ్చి కొత్త కండె పెట్టి, పోగు పీల్చి, నాడె నా చేతికిచ్చేది. మొదట్లో నాడె ఇచ్చి వెళ్లిపోయేది. తర్వాత నొప్పెట్లుందని అడిగింది. ఆ తర్వాత మగ్గం గుంత గట్టు మీద కూర్చోసాగింది. నొప్పి తొందరగానే పోయింది గానీ, నా చెయ్యి మాత్రం చెంప మీదనుంచి దిగలేదు.

చీర అంచు చివరికొచ్చిన రోజు, నాడె ఇస్తూ నెమ్మదిగా అంది: “బావా, జొన్నరొట్టెను పన్ను పీకిన పక్కతోనే నములుతున్నవు. నాకు ఎప్పుడో ఎరుకే.”

తల ఎత్తకుండానే, “మరి ఎందుకొస్తున్నవు?” అన్నాను.

 ఆమె ఇంకో కండె అందుకుంది.

చీర ముహూర్తానికి ముందే వనపర్తి చేరింది. చెంప పట్టుకుని అంత శ్రద్ధగా మూలిగిన ఆ కుర్రవాడు ఇప్పటికీ నాకు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. ఇల్లంతటికీ తెలిసిన సంగతిని తానొక్కడే గుట్టుగా దాచుకున్నాననుకున్నాడు, పాపం.